రిటైరయ్యాను, దేనికీ పనికిరాననిపిస్తోంది

ప్రశ్న: మాది హనుమకొండ. ఒక విశ్వవిద్యాలయంలో బోటనీ ప్రొఫెసర్‌గా పనిచేసి 2024లో, 60 ఏళ్లకు రిటైరయ్యాను. కొద్ది నెలలకే, 2025 జనవరిలో, యూనివర్సిటీ అధ్యాపకుల రిటైర్మెంట్ వయసు 65కి పెంచుతూ తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చింది. అప్పటినుంచి మనసు మనసులో లేదు. ఫోన్ మోగదు. మొన్న డిపార్ట్‌మెంటుకు వెళ్తే కొత్త అటెండర్ ‘ఎవరు కావాలి’ అన్నాడు. ఇంట్లో మా ఆవిడతో రోజూ గొడవే. కూర అంతసేపు ఉడికిస్తే పోషకాలు పోతాయని చెప్పినా తప్పే. నా పాత ఫీల్డ్ నోట్‌బుక్కులు చిత్తుకాగితాలవాడికి వేసేయమంటుంది. అబ్బాయి డల్లాస్ వచ్చేయమంటున్నాడు. ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు డీన్‌గా ఉండమంటున్నారు, రోజూ రానక్కర్లేదట. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఇక నేనెందుకు?

జవాబు: ముందు ఆ జీవో సంగతి. మీ బాధలో న్యాయం ఉంది. అదే ఉద్యోగం, అదే స్కేలు, పుట్టిన తేదీలో కాస్త తేడాకు ఐదేళ్లు పోయాయి. ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ ఆ ఐదేళ్లూ దక్కి ఉంటే ఇదే ఉత్తరాన్ని మీరు 2029లో రాసేవారేమో.

ఎందుకలా అంటున్నానంటే, మీ ఉత్తరంలో జీవో ఉంది, ఫోన్ ఉంది, అటెండర్ ఉన్నాడు. జీవితమంతా చదివిన మొక్కల ఊసు మాత్రం ఒక్క వాక్యంలో వచ్చింది, అదీ ఆవిడ మీద ఫిర్యాదుగా. మీ గదికి రోజూ ఎంతమంది వచ్చేవారో గుర్తు తెచ్చుకోండి. సినాప్సిస్ మీద సంతకం, వైవా తేదీ, ఇంటర్నల్స్ మార్కులు, సెలవు చీటీ. సంతకం కోసం వచ్చినవాళ్లు సంతకం లేనిచోటికి రారు. అందులో కృతఘ్నత పెద్దగా ఏమీ లేదు, రేపు మీ తర్వాత వచ్చినాయనకూ ఇదే జరుగుతుంది. ఆ మర్యాద కుర్చీది, అక్కడే ఉండిపోయింది. బోటనీ మాత్రం మీతోపాటే ఇంటికొచ్చింది. ఇంకా మీరు దాని ముఖం చూడలేదు.

ఆ నోట్‌బుక్కులు అమ్మనివ్వకండి. వరంగల్ ప్రాంతంలో అన్నేళ్లు బోటనీ చెప్పినవారు పాఖాల, ఏటూరునాగారం అడవులు తిరగకుండా ఉండరు. ఏ తేదీన, ఏ వాగు ఒడ్డున, ఏ మొక్క పూతలో ఉంది, అక్కడి కోయ పెద్దలు దాన్ని ఏ పేరుతో పిలిచారు, ఎండబెట్టి అతికించిన ఆ మొక్క హెర్బేరియం షీటు నంబరు ఎంత అన్నవి అందులో ఉండే ఉంటాయి. పూత ముందుకు జరిగిందా, ఏ జాతి కనిపించకుండా పోయింది అని ఈరోజు ఎవరైనా తేల్చాలంటే ఇలాంటి పాత లెక్కలే ఆధారం. వాటిని మళ్లీ సృష్టించడం ఎవరి తరమూ కాదు. ఆ చేతిరాత, అందులోని పొట్టి గుర్తులు తెలిసింది కూడా మీకొక్కరికే. రోజుకు రెండు పేజీలు టైప్ చేయండి. ఎక్సెల్ రాకపోతే పాత స్కాలర్లలో ఒకరిని అడగండి, ఈసారి నేర్చుకునేది మీరు. వీలైనప్పుడు అదే చోటికి వెళ్లి ఇప్పటి ఫొటో తీసి మొక్కలు, జంతువుల ఫొటోలు పంచుకునే ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో ఐనాచురలిస్ట్‌లోనో పెట్టండి. అక్కడ ఎవరో కుర్రాడు ‘మీరు చెప్పిన జాతి తప్పండీ’ అంటాడు. కోప్పడకుండా, జాతిని గుర్తుపట్టే ‘కీ’ ఉన్న పుస్తకం తీసి సరిచూడండి. క్లాసులో ఎన్నాళ్లుగానో దొరకని వాదన అక్కడ దొరుకుతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు హైదరాబాద్ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా 1993లో దిగిపోయారు. ద్రావిడ భాషలపై ఆయన రాసిన పెద్ద గ్రంథాన్ని కేంబ్రిడ్జ్ వాళ్లు వేసింది 2003లో. ఫిజిక్స్ చెప్పే చిలుకూరి శాంతమ్మగారు 90 దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్లి పాఠాలు చెప్పారు. వాళ్లలా అవ్వమనడం లేదు, ఆ ఓపిక అందరికీ ఉండదు. ఇద్దరిలో ఎవరూ కొత్త ఆశయం వెతుక్కుంటూ కూర్చోలేదు, చేస్తున్న పనే చేసుకుపోయారు. ఆ మాట కోసం చెప్పాను.

‘రోజూ రానక్కర్లేదు’ అనే డీన్ పోస్టు అంటే తనిఖీ రోజున రిజిస్టర్‌లో మీ పేరు కావాలని అర్థం. ఏ క్లాసు, వారానికి ఎన్ని పీరియడ్లు అని అడగండి. జవాబు నసిగితే వదిలేయండి. సొంత డిపార్ట్‌మెంటులో గెస్టుగా చేరే ఆలోచన ఉంటే అదీ వద్దు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్న పిల్లల పీరియడ్లు అవి. పాఠం చెప్పాలని నిజంగా చేతులు దురదపెడితే దగ్గర్లోని గురుకులం పిల్లల్ని ఆదివారం చెరువుగట్టుకు తీసుకెళ్తానని ప్రిన్సిపాల్‌ని అడగండి.

ఇక ఇల్లు. ఆవిడ చేసిన ఆ కూరే తిని మీరు అన్నేళ్లూ పాఠాలు చెప్పారు సార్! పొద్దున పది నుంచి సాయంత్రం దాకా ఆ ఇల్లు ఆవిడది. ఆవిడకో పద్ధతి ఉంది, ఇరుగుపొరుగు ఉన్నారు, మధ్యాహ్నం ఓ గంట నడుం వాల్చే అలవాటు ఉంది. ఇప్పుడు హాల్లో రోజంతా ఒక పరీక్షాధికారి కూర్చున్నాడు. ఏ వేళల్లో తనకు ఒంటరిగా ఉండాలనుందో నేరుగా అడగండి, ఆ వేళకు నోట్‌బుక్కులు తీసుకుని లైబ్రరీకి వెళ్లండి. ఇంటిపనిలో ఏదో ఒకటి పూర్తిగా మీరే తీసుకోండి. ‘సాయం చేస్తాను’ అని కాకుండా, మర్చిపోతే మాట పడేది మీరే అయ్యేట్టు.

డల్లాస్‌కు మనవల కోసం వెళ్లిరండి, ఈ ఖాళీ నుంచి పారిపోవడానికైతే మాత్రం వద్దు. అక్కడ కారు నడపడం రాకపోతే గడప దాటడానికి కూడా అబ్బాయి వీలు చూడాలి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మీరు చివర్లో రాసిన మాట. మూడింటికే మెలకువ రావడం, ‘నేనెందుకు’ అనిపించడం రెండు వారాలకు మించి ఉంటే, పైగా ఆకలి కూడా తగ్గితే, అది డిప్రెషన్ కావచ్చు. దానికి మందు ఉంది. బీపీ, షుగర్‌తో పాటు థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించుకుని సైకియాట్రిస్ట్‌ను కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, ఆవిడకు చెప్పి అదేరోజు వెళ్లండి. నిద్రపట్టని ఆ వేళలోనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.