దేవుడితో మొదలుపెట్టని దైవశాస్త్రం

మాస్టారిని అడగండి

పోయిన నెల మధ్యయుగపు ముస్లిం తత్త్వవేత్త ఇబ్న్ సీనా పేరెత్తి, మెటాఫిజిక్స్‌ను, అంటే ‘ఉన్నదాన్ని ఉన్నదిగా చూడటం’ అనే తత్త్వశాస్త్ర శాఖను, పకడ్బందీ శాస్త్రంగా నిలబెట్టింది ఆయనే అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేని మీదా రాలేదు. అందుకే ఈసారి చోటంతా వాటికే.

ప్రశ్న: సార్, దేవుడి గురించి మాట్లాడేది శాస్త్రం ఎలా అవుతుంది? ల్యాబ్ లేదు, కొలత లేదు. నమ్మకానికే శాస్త్రం అని పేరు పెట్టుకున్నారు కదా?
– బి.ఎస్సీ. విద్యార్థిని, కావలి

జవాబు: ఈ అనుమానం నీకంటే వెయ్యేళ్ల ముందు వాళ్లకే వచ్చిందమ్మాయ్. అందుకే వాళ్ల పుస్తకాల్లో మొదటి పేజీలన్నీ ఈ తగాదాతోనే నిండి ఉంటాయి.

అప్పట్లో శాస్త్రానికి ల్యాబ్ గుర్తు కాదు. అరిస్టాటిల్ చెప్పిపోయిన పద్ధతి ఒకటుండేది. నువ్వు దేని గురించి మాట్లాడుతున్నావో ముందు చెప్పాలి. దాని గురించి ఏం తేల్చబోతున్నావో చెప్పాలి. ఏ సూత్రాల మీద నిలబడి తేలుస్తావో చెప్పాలి. ఇంకో షరతు కూడా ఉంది, అసలు కిటుకు అందులోనే ఉంది: తన విషయం ఉందా లేదా అన్నది ఏ శాస్త్రమూ తనలో తాను నిరూపించుకోదు. ఉందని తీసుకునే మొదలుపెడుతుంది.

ఇప్పుడు మెటాఫిజిక్స్ దగ్గరికి రా. తొమ్మిదో శతాబ్దంలో అల్ కిందీ అనే అరబ్ తత్త్వవేత్త, మొదటి తత్త్వశాస్త్రం (మెటాఫిజిక్స్‌కు ఇంకో పేరు) అంటే మొదటి సత్యాన్ని, సత్యాలన్నిటికీ కారణమైనదాన్ని తెలుసుకోవడం అన్నాడు. దాంతో చాలామంది ఇది దేవుడి గురించిన శాస్త్రం అనే అనుకున్నారు. అలా అనుకుని అరిస్టాటిల్ ‘మెటాఫిజిక్స్’ పుస్తకం తెరిచినవాళ్లకు తల తిరిగింది. దాంట్లో దేవుడి ప్రస్తావన ఎక్కడో పన్నెండో భాగంలో తప్ప పెద్దగా కనిపించదు.

తల తిరిగినవాళ్లలో కుర్ర ఇబ్న్ సీనా ఒకడు. 980లో బుఖారా దగ్గర పుట్టాడు. ఆ పుస్తకం నలభైసార్లు చదివి, కంఠతా వచ్చినా అర్థం కాలేదని తన జీవితకథలో తానే చెప్పుకున్నాడు. (లాజిక్ పాఠం చెప్పిన రోజుల్లో నేనిది క్లాసులో చెబితే వెనక బెంచీల్లో ముఖాలు వెలిగిపోయేవి.) ఒకరోజు మధ్యాహ్నం పుస్తకాల బజారులో ఒక దళారి ఏదో పుస్తకం అంటగట్టబోయాడు. ఈ శాస్త్రంతో పనేం లేదని ఇతను విసుక్కున్నాడు. పుస్తకం సొంతదారుకి డబ్బు అవసరమట, చవగ్గా ఇస్తాను, మూడు దిర్హాములే అన్నాడు దళారి. కొన్నాడు. అది అంతకుముందు తరం తత్త్వవేత్త అల్ ఫారాబీ రాసిన చిన్న పుస్తకం, అరిస్టాటిల్ ఆ గ్రంథం ఎందుకు రాశాడో చెప్పేది. ఇంటికెళ్లి చదవగానే ముడి విడిపోయిందట. మర్నాడు పేదలకు దానం చేశాడు.

ఫారాబీ చెప్పిందేంటంటే, ఈ శాస్త్రం ఏదో ఒక వస్తువు గురించి కాదు. ఉన్న ప్రతిదానికీ వర్తించే సంగతుల గురించి. ఉండటం, ఒకటిగా ఉండటం, ఇలాంటివి. దేవుడు ఇందులోకి వస్తాడు, ఎందుకంటే మొత్తం ఉనికికే ఆయన మూలం కాబట్టి. అంతేగాని మొదటి పేజీలోనే వచ్చి కూర్చోడు.

ఇబ్న్ సీనా పెద్దయ్యాక ‘షిఫా’ అనే మహాగ్రంథంలో ఇలాహియ్యాత్ (దైవ విషయాలు, అంటే మెటాఫిజిక్స్) భాగం రాస్తూ దీన్ని బిగించేశాడు. దేవుడు ఉన్నాడని తేల్చడం ఈ శాస్త్రం పని. వేరే శాస్త్రమేదీ ఆ పని చేయదు. అలాంటప్పుడు దేవుణ్ని దీని విషయంగా ముందే పెట్టుకోవడం కుదరదు, తేల్చాల్సినదాన్నే ఒప్పుకుని మొదలుపెట్టినట్టవుతుంది. కాబట్టి విషయం ‘ఉన్నది, ఉన్నదిగా’. ఏదో ఒకటి ఉంది అన్నదానికి రుజువు అక్కర్లేదు. దేవుడు వెతికి పట్టుకోవాల్సినవాడు.

నమ్మకానికి పేరు మార్చినవాడు ఇంత కష్టపడడు. దైవభక్తుడైన మనిషి, దేవుణ్ని ముందే ఒప్పుకుని మొదలుపెట్టొద్దని తనకు తానే కట్టడి చేసుకున్నాడు. నాకు ఆయన ఎదుట చేతులు జోడించాలనిపించేది ఇక్కడే.

అందరూ ఒప్పుకోలేదులే. స్పెయిన్‌లోని కర్దోవాలో పుట్టిన తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్ (1126–1198), దేవుణ్ని తేల్చేది భౌతికశాస్త్రమే, కదలికకు తొలి కారణం వెతుకుతూ పోతే ఆయన దొరుకుతాడు, మెటాఫిజిక్స్ అక్కణ్నించి అందుకుంటుంది అన్నాడు. నా ఓటు ఇబ్న్ సీనాకే. కదలికను వెతుక్కుంటూ వెళితే దొరికేది కదిలించేవాడు. ఉనికినే ఇచ్చేవాడు దొరకాలంటే ఉనికి గురించే అడగాలి.

ప్రశ్న: ‘ఉన్నదాన్ని ఉన్నదిగా చూడటం’ అని రాశారు. నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. మా బోటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి.
– గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, చీమకుర్తి

జవాబు: నలభైసార్లకు ఇంకా చాలా టైముంది, కంగారు పడకండి. మీ చేతిలో ఉన్నదే తీసుకుందాం. పాలిషింగ్ మిషన్ కిందనుంచి అప్పుడే బయటికొచ్చిన గెలాక్సీ గ్రానైట్ పలక. నీళ్లింకా కారుతుంటాయి. కొంచెం వంచి వెలుతురుకు పెడితే నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయి. మీ కటింగ్ మేస్త్రి దాన్ని పొడవు, వెడల్పు, మందంగా చూస్తాడు, అది గణితం చూపు. బ్లేడు ఎంత వేడెక్కుతుంది, పలక ఎక్కడ పగులుతుంది అంటే భౌతికశాస్త్రం చూపు. ఆ చుక్కలు ఏ ఖనిజం అంటే ఇంకో శాస్త్రం.

వీటిలో ఏదీ అడగని ప్రశ్నలు కొన్ని మిగిలిపోతాయి. ఇది ఒకటా, చాలావాటి కలయికా? దానంతటది ఉందా, ఇంకోదాని వల్ల ఉందా? ఉండక తప్పదా, లేకపోయినా సరిపోయేదా? ఈ ప్రశ్నలు రాతికే కాదు, మీకూ, అంకెలకూ, దేవదూతలకూ సరిపోతాయి. అలా చూడటమే ఉన్నదాన్ని ఉన్నదిగా చూడటం.

ఇంకో అడుగు వేయండి. రాయి అంటే ఏమిటో ఎంత పూర్తిగా చెప్పినా అది ఉందో లేదో ఆ చెప్పడంలో రాదు. ఉనికి దానికి వేరేచోట నుంచి రావాలి. ఇలాంటివన్నీ ఒక గంపలో వేసినా, ఆ గంప మొత్తానికీ కారణం బయటే ఉండాలి. అది ఇంకోదాని మీద ఆధారపడనిది, ఉండక తప్పనిది అయి తీరాలి. దాన్నే ఇబ్న్ సీనా ‘వాజిబుల్ వుజూద్’ అన్నాడు. దేవుడి దగ్గరికి ఆయన వెళ్లిన దారి ఇదే.

ప్రశ్న: గజాలీ పుస్తకంతో ఫిలాసఫర్ల కథ ముగిసిపోయిందని విన్నాను. నిజమేనా?
– మెకానిక్ షాపు యజమాని, కోటమిట్ట, నెల్లూరు

జవాబు: అలా చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు గాని, భాయ్, సగమే నిజం. 1095లో ఇస్లాం మతపండితుడు గజాలీ ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ (ఫిలాసఫర్ల తడబాటు) పూర్తిచేశాడు. ఫిలాసఫర్ల ఇరవై వాదాలు తీసుకుని దులిపేశాడు. వాటిలో మూడింటిని అవిశ్వాసం అన్నాడు: లోకం అనాది అనడం, దేవుడికి విడివిడి సంగతులు విడివిడిగా తెలియవనడం, శరీరంతో తిరిగి లేవడం లేదనడం.

నన్ను ఆకట్టుకునేది ఆ ఫత్వా కాదు, ముందుమాటలో ఆయన వేసిన దెబ్బ. లెక్కల్లో మీలో మీకు పేచీలు లేవు, మెటాఫిజిక్స్‌లో మాత్రం ఉన్నాయి. రుజువులు అంత గట్టివైతే పేచీ ఎందుకుంటుంది అన్నాడు. లాజిక్‌లో పెట్టుకున్న షరతులు ఇక్కడికొచ్చేసరికి మీరే పాటించలేదన్నాడు. కావలి అమ్మాయి అడిగిన ప్రశ్నే, ఇంకా పదునుగా. ఇబ్న్ రుష్ద్ ‘తహాఫుత్ అత్ తహాఫుత్’ (తడబాటుకే తడబాటు) రాసి వాదం వాదంగా జవాబిచ్చాడు గాని, ఈ దెబ్బ మాత్రం ఇప్పటికీ నొప్పి పెడుతుందనే నా అభిప్రాయం.

అయినా కథ ముగియలేదు. లాజిక్‌ను గజాలీ తోసేయలేదు, తానే దాని మీద పుస్తకాలు రాశాడు. పదమూడో శతాబ్దంలో అల్ అబ్‌హరీ రాసిన ‘హిదాయతుల్ హిక్మా’లో లాజిక్, భౌతికం, ఇలాహియ్యాత్ మూడూ ఉన్నాయి. దాని వ్యాఖ్యానాలు లక్నోలోని ఫిరంగీ మహల్ పండితుల నుంచి వచ్చిన దర్సె నిజామీ అనే మదరసా పాఠ్యక్రమంలో పాఠ్యపుస్తకాలు. అంటే మన దేశపు మదరసాల్లో కుర్రాళ్లు ఇబ్న్ సీనా మాటల్ని శతాబ్దాల పాటు వల్లెవేశారు.

ప్రశ్న: ఇదంతా మన తర్కసంగ్రహంలో లేదా?
– రిటైర్డ్ తెలుగు పండితులు, కందుకూరు

జవాబు: కొంత ఉంది గురువుగారూ. మన తర్కానికి చిన్న పాఠ్యపుస్తకమైన ఆ గ్రంథంలో అన్నంభట్టు ఏడు పదార్థాలు (అన్నిటినీ విడదీసే వర్గాలు) లెక్కపెట్టడం ఇలాంటి పనే. కానీ ఆ ఏడోది ఉంది చూశారూ, అభావం, దాని దగ్గర దారులు చీలిపోతాయి. మనవాళ్లు లేకపోవడానికి కూడా పదార్థాల్లో పీట వేశారు. ఇబ్న్ సీనా అయితే, బొత్తిగా లేనిదాని గురించి ఉందని చెప్పగలిగేది ఏమీ ఉండదని కొట్టిపారేస్తాడు. లేనిది కూడా ఒక వస్తువే అని వాదించిన ముఅతజిలీలనే ఇస్లాం మతవాదుల వర్గంతో ఆయన గొడవ అది. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి వినాలని నాకు కోరిక.

ప్రశ్న: ఏం చదవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
– చాలామంది

జవాబు: ఇంగ్లీషు చదవగలిగితే మార్మురా అనువదించిన ఇలాహియ్యాత్, 2005లో వచ్చింది. ఒక పేజీలో అరబ్బీ, ఎదురు పేజీలో ఇంగ్లీషు. మొత్తం పది భాగాలు. మొదటి భాగంలో మొదటి నాలుగు అధ్యాయాలు పెన్సిల్ పట్టుకుని చదవండి, ఈ వారం మాట్లాడుకున్న తగాదా చాలావరకు అక్కడే ఉంది. ఐదోది ఇంకో వారానికి ఉంచుకోండి.