సభకు రాని ఎమ్మెల్యే, ఎంపీల జీతం ఆపొచ్చా?

ఇప్పుడున్న చట్టంతో కుదరదు. చట్టం మారిస్తే కుదురుతుంది.

ఎంపీల సంగతే చూడండి. 2023 ఏప్రిల్ నుంచి వాళ్ల జీతం నెలకు రూ.1,24,000. సభకు వచ్చినా రాకపోయినా అది ఖాతాలో పడుతుంది. హాజరుతో ముడిపడింది రోజుకు రూ.2,500 భత్యం ఒక్కటే. దానికి కూడా ఏళ్ల తరబడి లాబీలో రిజిస్టర్‌లో సంతకం పెడితే సరిపోయేది. లోపల ఎంతసేపు కూర్చున్నారో ఆ సంతకం చెప్పదు కదా.

అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం చెబుతుంది (ఎంపీలకు 101(4), ఎమ్మెల్యేలకు 190(4)). కానీ సభ ప్రొరోగ్ అయిన (అంటే సమావేశాలు అధికారికంగా ముగించిన) కాలం, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలం ఆ లెక్కలోకి రావు. ఏడాదికి కొద్ది రోజులే నడిచే అసెంబ్లీలో 60 నిండేదెప్పుడు? మధ్యలో ఒక్కరోజు వచ్చి కూర్చున్నా లెక్క మళ్లీ మొదటికే. 2000లో రాజ్యసభ సభ్యుడు బర్జీందర్ సింగ్ హమ్‌దర్ద్ సీటు ఇలా పోయింది. అలాంటివి చాలా అరుదు.

ఎమ్మెల్యేల జీతాలు శాసనసభ చేసే చట్టం ప్రకారమే నడుస్తాయి (195వ అధికరణ). కాబట్టి కోత పెట్టాలంటే ఆ చట్టాన్నే సవరించాలి. జబ్బు, ప్రసవం, ముందే తీసుకున్న సెలవు మినహాయించాలి. అసలు చిక్కు బహిష్కరణతోనే. ఒక పూట వాకౌట్ చేయడం నిరసన, దానికి జీతం కోయకూడదు. సమావేశాలు మొత్తం ఎగ్గొడితే మాత్రం, ఏ పార్టీ అయినా సరే, ఆ రోజుల జీతం ఆపాల్సిందేనని నా గట్టి అభిప్రాయం.