పదహారు అని రాసేముందు

చిరంజీవికి,

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. "ఉల్లిలో 16 క్రోమోజోములుంటాయి" అని మొదటి వాక్యంలోనే తేల్చేశావు. అంకె సరైనదే. కానీ ఆ పదహారూ కంటికి ఎలా కనిపించాయో చెప్పకపోతే చదివేవాడికి అంకె ఒక్కటే మిగులుతుంది. కణాలు చురుగ్గా విభజన చెందే వేరుకొన దగ్గర మొదలుపెట్టు.

ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగిన వేర్లను 0.05 శాతం కాల్చిసిన్ ద్రావణంలో 3 నుంచి 4 గంటలు ఉంచాలి. అది కండె పోగులను, అంటే విభజనలో క్రోమోజోములను రెండువైపులకూ లాగే దారాలను, ఏర్పడనివ్వదు. అందుకే క్రోమోజోములు విభజన నడుమ వచ్చే మధ్యస్థ దశలోనే ఆగి, పొట్టిబడి విడివిడిగా కనిపిస్తాయి. కాల్చిసిన్ విషం, చేతికి తొడుగులుండాలని తప్పక రాయి. తర్వాత మూడు పాళ్లు ఇథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో 24 గంటలు. ఆపైన 60 డిగ్రీల దగ్గర ఒక నార్మల్ (1 N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 8 నుంచి 10 నిమిషాలు. కణాలను అంటిపెట్టుకున్న జిగురు ఇక్కడే వదులుతుంది. ఈ నిమిషాలు తగ్గితే కణాలు ముద్దగానే ఉండిపోతాయి.

వేరు చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లే కోసి, స్లైడు మీద ఎసిటోకార్మిన్ అనే రంగు చుక్కలో వేసి, కవర్‌స్లిప్ అనే పల్చటి గాజుముక్క కప్పి, సూది వెనకవైపుతో మెల్లగా తట్టాలి. ఆ తర్వాత బ్లాటింగ్ కాగితం మీద నుంచి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. వేలు కాస్త పక్కకు జరిగిందా, కణాలు దొర్లి క్రోమోజోములు మెలిపడతాయి.

నీ వ్యాసానికి అసలు బలం పొరపాట్లలో ఉంది. 15 లెక్కకు వస్తే ఒకటి మరోదాని మీద పడి ఉండొచ్చు, లేదా కణం చిట్లి ఒకటి బయటికి పోయి ఉండొచ్చు. 17 వస్తే ఉపగ్రహమున్న (కొనకు సన్నని నొక్కుతో వేలాడే చిన్న ముక్క ఉన్న) జతలో ఆ ముక్కను వేరే క్రోమోజోముగా లెక్కపెట్టి ఉంటారు. 32 వస్తే వేరు కాల్చిసిన్‌లో ఎక్కువసేపు ఉండి, కణం విడిపోకుండానే జతలు రెట్టింపయ్యాయేమో చూడాలి.

"క్రోమోజోము ఎక్స్ ఆకారంలో ఉంటుంది" అన్న వాక్యం మాత్రం తీసెయ్. ఆ ఆకారం ఈ మధ్యస్థ దశది: క్రోమోజోము రెండు ప్రతులూ సెంట్రోమియర్ అనే నొక్కు దగ్గర అతుక్కునే ఉండి, దానికి అటూ ఇటూ ఉన్న భుజాలు విడివడ్డప్పుడు కనిపించేది. విభజనలో లేని కేంద్రకంలో అది ఉండదు.

భుజాల కొలతలు రాసేటప్పుడు పొడవు భుజాన్ని పొట్టి భుజంతో భాగించి ఇవ్వు, కనీసం పది మంచి కణాల సగటు. ఒక్క అందమైన ఫొటో మీద ఆధారపడకు, కాల్చిసిన్ ఎంతసేపు పట్టిందన్నదాన్నిబట్టి పొడవులు మారిపోతాయి.

వరి మీద రెండో వ్యాసం అప్పుడే వద్దు. దాని 24 క్రోమోజోములు ఉల్లివాటి కంటే బాగా చిన్నవి. ముందు ఉల్లి స్లైడులో ఒక్క కణాన్ని గీసి, పదహారింటికీ అంకెలు వేసి పంపు.