కనెక్షన్ కుదరకపోయినా ‘కనెక్ట్ అయింది’ అనే ప్రోగ్రాం

ప్రశ్న: మాది పలాసలో చిన్న జీడి పరిశ్రమ. కాటా మీద పిక్కల బస్తా పెట్టగానే దాని బరువును పక్క గదిలోని కంప్యూటర్‌కు పంపే ప్రోగ్రాంను, లినక్స్ నడిచే చిన్న బోర్డు కోసం పైథాన్‌లో నాన్‌బ్లాకింగ్ సాకెట్‌తో (పని పూర్తయ్యేదాకా ప్రోగ్రాంను ఆపి ఉంచని నెట్‌వర్క్ అనుసంధానంతో) రాశాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ‘కనెక్ట్ అయింది’ అని చూపిస్తుంది గానీ కొన్ని బస్తాల బరువులు అవతల నమోదు కావడం లేదు. ఆ కంప్యూటర్‌లో బరువులు అందుకునే సర్వర్ ప్రోగ్రాంను 0.0.0.0 మీద పెట్టి, బయటివారిని అడ్డుకునే ఫైర్‌వాల్ తీసేసి, రూటర్‌లో పోర్టు (ప్రోగ్రాం వినే ద్వారం) తెరవమని మిత్రుడు సలహా ఇచ్చాడు. అలా చేయవచ్చా?

జవాబు: దయచేసి చేయకండి. మిగతా రోజుల్లో బరువులు సక్రమంగా చేరుతున్నాయంటే సర్వర్ సరైన చిరునామా మీదే ఉందని, ఫైర్‌వాల్ అడ్డుపడటం లేదని అర్థం. కరెంటు వచ్చాక మీ బోర్డు ముందుగా లేచి, సర్వర్ ప్రోగ్రాం ఇంకా మొదలుకాని కంప్యూటర్‌ను పిలుస్తోంది. ఆ పోర్టు దగ్గర వినేవారెవరూ లేనందున అవతలి యంత్రం వెంటనే రీసెట్ ప్యాకెట్‌తో నిరాకరిస్తోంది. ఆ నిరాకరణను మీ ప్రోగ్రాం చదవడం లేదు.

రాజాం నుంచి, బొబ్బిలి నుంచి కూడా ఇదే ఫిర్యాదు వచ్చింది. పొరపాటు కూడా ఒక్కటే. నాన్‌బ్లాకింగ్ సాకెట్ మీద, కనెక్షన్ ప్రయత్నాన్ని మొదలుపెట్టే కనెక్ట్_ఎక్స్ పిలిస్తే లినక్స్‌లో సాధారణంగా 115 వస్తుంది. పని ఇంకా జరుగుతోందని మాత్రమే దాని అర్థం. ఆ తరువాత, సాకెట్ సిద్ధమైందో లేదో చూసే సెలెక్ట్ ‘రాయవచ్చు’ అనగానే చాలామంది కనెక్షన్ కుదిరిందనుకుంటారు. కుదిరినా, కుదరకపోయినా సెలెక్ట్ ఆ మాటే చెబుతుంది. ప్రయత్నం ముగిసిందన్న కబురే తప్ప ఫలితం అందులో ఉండదు. ఫలితం కావాలంటే సాకెట్ స్థితిని చదివే గెట్‌సాక్‌ఆప్ట్‌తో ఎస్‌ఓ_ఎర్రర్ అనే లోపం విలువను అడగాలి: 0 వస్తే కుదిరినట్టు, 111 వస్తే అవతల నిరాకరించినట్టు. ఒకసారి చదవగానే ఆ విలువ చెరిగిపోతుంది కాబట్టి, లాగ్‌లో రాయడానికి ఒకసారి, షరతు చూడటానికి మరోసారి అడగకుండా, దానిని వెంటనే ఒక వేరియబుల్‌లో దాచుకోండి. విండోస్‌లోనైతే ఈ వైఫల్యం సెలెక్ట్ ఇచ్చే మూడవ జాబితాలో, అంటే లోపాల జాబితాలో కనిపిస్తుంది.

నిరాకరణ అందిన సాకెట్‌ను మూసివేసి, కొత్తది తెరిచి, ఒక సెకను, రెండు, నాలుగు ఇలా వ్యవధిని పెంచుతూ నిమిషం దాకా వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నించండి. జవాబే రాని సందర్భం వేరు: లినక్స్ తన సాధారణ అమరికతో దాదాపు 127 సెకన్లు వేచి చూసి గాని 110, అంటే ‘గడువు మీరింది’ అనదు. అందుకని మీ గడువు మీరే, ఐదు సెకన్లనుకోండి, పెట్టుకోవాలి.

మీరు పంపిన కోడ్‌లో నన్ను ఎక్కువగా బాధించింది లోపాన్ని పట్టుకునే ‘ఎక్సెప్ట్’ కింద ఉన్న, ‘ఏమీ చేయకు’ అని చెప్పే ‘పాస్’ అనే ఒక్క పదం. సెండ్ విఫలమైనా ఆ పదం దానిని మింగేసి, తరువాతి వరుస బరువును జాబితా నుంచి తీసేస్తోంది. రైతు తెచ్చిన 80 కిలోల బస్తా లెక్క పోతున్నది అక్కడే. సెండ్ సఫలమైనా బరువు మీ బోర్డులోని బఫర్‌లోకి (పంపే ముందు తాత్కాలికంగా ఉంచే చోటికి) చేరిందని మాత్రమే రుజువు. ప్రతి తూకానికీ ఒక క్రమసంఖ్య ఇచ్చి, ఫైల్లో దాచి, సర్వర్ ఆ సంఖ్యను తిరిగి పంపినప్పుడే తొలగించండి. ఒకే బరువు రెండుసార్లు వెళ్లినా సర్వర్ దానిని ఆ సంఖ్యతోనే గుర్తుపడుతుంది. కొని తెచ్చే తూకపు పరికరాలలోనూ, తీగ తగిలించగానే పచ్చదీపం వెలిగించి అవతల నమోదైందో లేదో చెప్పని తయారీని నేను తప్పుపడతాను.

ఇక మీ మిత్రుని సలహా. 0.0.0.0 అంటే ఆ యంత్రానికున్న అన్ని ఐపీవీ4 చిరునామాల మీదా వినడం. ఫైర్‌వాల్ తీసేసి, రూటర్‌లో పోర్టు కూడా తెరిస్తే, లోకంలో ఎవరైనా పాస్‌వర్డ్ లేని మీ సర్వర్‌తో మాట్లాడవచ్చు, మీ లెక్కల్లో బరువులు రాయవచ్చు. 2017 ఆరంభంలో ఇలా రక్షణ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన మాంగోడీబీ డేటాబేస్‌లను వేల సంఖ్యలో చెరిపేసి, తిరిగి ఇస్తామంటూ బిట్‌కాయిన్లు అడిగారు. తెరిచి ఉన్న పోర్టులను వెతికే ప్రోగ్రాంలు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. పలాసలోని చిన్న పరిశ్రమ వాటి కంట పడదనుకోవడం పొరపాటు. సర్వర్‌ను, మీ ఆవరణలోని నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కున్న చిరునామాకే కట్టి, ఫైర్‌వాల్‌లో మీ బోర్డు చిరునామాకు, ఆ ఒక్క పోర్టుకు మాత్రమే అనుమతి ఇవ్వండి.

పోర్టును ఇప్పటికే తెరిచి ఉంటే ఈరోజే మూసివేయండి. మూసుకుందో లేదో ఆవరణలోని వైఫై నుంచి కాక, మొబైల్ డేటా మీద ఉన్న ఫోన్ నుంచి, ఇంటర్నెట్‌లో మీ రూటర్‌కున్న బయటి చిరునామాను ఆ పోర్టు మీద పిలిచి చూడండి. అక్కడ మాత్రం కనెక్షన్ కుదరకూడదు.