పాఠకుల ప్రశ్నలు: చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలకు పార్కు ఎలా ఉండాలి?

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల చక్రాల కుర్చీ వాడతాడు. మా ఊరి మునిసిపల్ పార్కును బాగుచేస్తున్నారు. కుర్చీతో సహా ఎక్కించే ఉయ్యాల ఒకటి పెడతామని ఇంజనీరు గారు అంటున్నారు. అది సరిపోతుందా? మేము ఇంకేం అడగాలి?
– ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఉయ్యాల పెడతామన్నందుకు సంతోషించవలసిందే గాని, మీరు అడగవలసిన వాటిలో అది చివరిది. ముందు గేటు చూడండి. మన పార్కుల్లో చాలావాటికి మోటారు సైకిళ్లు రాకుండా, మనిషి ఒళ్లు ఒదిగించుకుని దూరవలసిన ఇనుప కమ్మీల మలుపో, తిరిగే గేటో బిగిస్తారు. బండితో పాటు చక్రాల కుర్చీ కూడా అక్కడే ఆగిపోతుంది. కుర్చీకి కనీసం 900 మిల్లీమీటర్ల సందు కావాలి, ఆ సందులో బండీ పడుతుంది కాబట్టి అధికారుల అభ్యంతరం అబద్ధమేమీ కాదు. అయితే పక్కన వెడల్పాటి గేటు పెట్టి, పార్కు తెరిచి ఉన్నంతసేపూ దానికి తాళం వేయకుండా కాపలా ఉంచడమే దీనికి మార్గం. తాళంచెవి వాచ్‌మన్ జేబులోనూ, వాచ్‌మన్ టీకొట్టు దగ్గరా ఉంటే ఆ గేటు ఉన్నా లేనట్టే.

గేటు దాటాక చూడవలసింది నేల. పడితే దెబ్బ తగలకుండా జారుడుబల్లల కింద ఇసుక పోస్తారు. ఆ ఇసుకలోనే కుర్చీ ముందున్న చిన్న చక్రాలు కూరుకుపోతాయి. వెనక నుంచి తోసేకొద్దీ కుర్చీ ముందుకు తూలుతుందే తప్ప కదలదు. అమెరికాలో 2010 నాటి ప్రమాణాలు ఆటస్థలంలో నేలమీది దారి సాధారణంగా 60 అంగుళాల వెడల్పుతో, 1:16కు మించని వాలుతో (అడుగు ఎత్తుకు కనీసం పదహారడుగుల పొడవు) ఉండాలని చెబుతూ, పిల్లలు పడే చోట ఆ నేల గట్టిగా ఉంటూనే దెబ్బను కూడా ఆపాలని షరతు పెట్టాయి. రబ్బరు నేలకు ఖర్చు ఎక్కువ కనుక పార్కంతా వేయమని పట్టుబట్టనక్కరలేదు. గేటు నుంచి ఆటవస్తువుల దాకా, అక్కడి నుంచి మిగతా పిల్లలు గుమికూడే చోటి దాకా, మధ్యలో ఎక్కడా తెగకుండా గట్టి దారి ఒక్కటి వేయించుకుని, పిల్లలు పడే అవకాశమున్న చోట మాత్రం రబ్బరు పలకలు పరిపించుకోండి.

ర్యాంపు విషయంలో టేపు పట్టుకుని వెళ్లండి. మన దేశపు మార్గదర్శకాల్లో ర్యాంపు వాలు 1:12. అంటే అరడుగు ఎత్తు మెట్టుకు ఆరడుగుల పొడవు కావాలి. రెండడుగుల్లో సిమెంటు పూసి దాన్నే ర్యాంపు అంటే ఒప్పుకోకండి.

ఇక ఆ ఉయ్యాల. కుర్చీని మోసే పలక బరువైనది, ఊగేటప్పుడు తగిలితే ప్రమాదం కనుక దాని చుట్టూ కంచె కట్టవలసి వస్తుంది. అప్పుడు మీ అబ్బాయి కంచె లోపల ఒక్కడే ఊగుతుంటాడు, పిల్లలు బయట ఉంటారు. డబ్బు పరిమితమైతే నేను దానికంటే, నలుగురు పిల్లలు కలిసి పడుకుని ఊగగలిగే వల ఉయ్యాలనూ, మోకాళ్లు కిందికి దూరేలా బల్ల ఎత్తులో కట్టిన ఇసుక తొట్టినీ కోరుకుంటాను. బెంగళూరులో దివ్యాంగ పిల్లల తల్లిదండ్రులు నడుపుతున్న కిలికిలి అనే సంస్థ కోల్స్ పార్కులో అందరు పిల్లలూ కలిసి ఆడుకునే స్థలాన్ని నగరపాలక సంస్థతో కలిసి ఏర్పాటు చేసింది. వీలైతే మీ ఇంజనీరు గారిని ఒకసారి చూసి రమ్మనండి.

ప్రశ్న: ఇవన్నీ దయతలిచి చేయవలసినవేనా, చట్టం ఏమైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రజా సౌకర్యాల నిర్వచనంలో వినోద సౌకర్యాలను కూడా చేర్చింది. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం ఆటపాటల్లో దివ్యాంగ పిల్లలకు సమాన అవకాశం ఉండాలని విడిగా చెప్పింది. అయినా ప్రమాణాలు చాలాకాలం సిఫారసులుగానే మిగిలాయి. 2024 నవంబరులో దివ్యాంగుల సౌలభ్యం కోసం రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు, హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన నివేదికను కూడా పరిశీలించి, కొన్ని ప్రమాణాలైనా తప్పనిసరి కావలసిందేనని కేంద్రాన్ని ఆదేశించింది.

కోర్టు దాకా వెళ్లడం కంటే టెండరు పిలవకముందే అధికారుల దగ్గరికి వెళ్లడం మేలు, ఎందుకంటే అంచనాల్లో లేని ర్యాంపును కాంట్రాక్టరు కట్టడు. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అంచనాల నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. కదలిక లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: మా పాపకు ఆటిజం. నడక, పరుగు బాగానే ఉన్నాయి. మాకూ ఏమైనా అడిగే వీలుందా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: తప్పకుండా ఉంది. రోడ్డువైపు సందులు లేని ప్రహరీ, మైకు పాటలకు దూరంగా కాసేపు కూర్చోగల నీడ మూల, ఏ ఆట ఎక్కడుందో తెలిపే బొమ్మల బోర్డు అడగండి. చివరి రెంటికీ పెద్దగా ఖర్చు లేదు. పై జవాబులో చెప్పిన అర్జీలోనే ఈ మూడూ రాయించవచ్చు.