కూనూరులో ఒక గది, కోస్తాలో బెరిబెరి: తెల్లదొరల పరిశోధన డబ్బు ఎలా నడిచింది

“బ్రిటిష్ ప్రభుత్వం మన జబ్బుల మీద పరిశోధనకు డబ్బు ఎలా ఇచ్చేది? నిజంగా జనం కోసమే ఇచ్చిందా?” అన్నది ప్రశ్న. ఈ మాట ఎప్పుడొచ్చినా అందరూ సికింద్రాబాద్, రోనాల్డ్ రాస్, దోమ అని మొదలుపెడతారు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టడం పెద్ద విషయమే. కానీ అప్పుడు కుట్టించుకున్న దోమకు ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్ అనే రోగికి ఇచ్చినవాడు రాసే. సర్కారు చేసిన పని, సెప్టెంబరులోనే ఆయన్ని మలేరియా దొరకని ఖేర్వాడాకు, అంటే రాజపుతానాకు, బదిలీ చేయడం. ఒక మనిషి పట్టుదల కథ అది. వ్యవస్థ ఎలా నడిచేదో తెలియాలంటే బెరిబెరి సంగతి, అంటే బి1 విటమిన్ లేక కాళ్లు చచ్చుబడి గుండె దెబ్బతినే జబ్బు సంగతి, చూడాలి. పైగా అది మన కోస్తా జిల్లాల జబ్బు. మనవాళ్లకే ఇది తెలియకపోవడం నాకు ఎప్పుడూ ఒళ్లు మండించే విషయం.

ముందు డబ్బు సంగతి. 1911లో ఇండియన్ రీసెర్చ్ ఫండ్ అసోసియేషన్ పెట్టారు. ఈనాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దానికి 1949లో పెట్టిన పేరే. మొదటి సమావేశం ఆ ఏడాది నవంబరు 15న బొంబాయి ప్లేగు లేబొరేటరీలో, వైస్రాయ్ కౌన్సిల్‌లో విద్యాశాఖ చూసే హార్‌కోర్ట్ బట్లర్ అధ్యక్షతన జరిగింది. మూలధనం 5 లక్షల రూపాయలు. ఆ డబ్బుతో శాశ్వతమైన సంస్థలు నిలబెట్టడం కన్నా “ఎంక్వయిరీ”లు నడపడమే ఎక్కువ. ఒక జబ్బు, ఒక ఆఫీసరు, కొంత సిబ్బంది, ఇంత అని మంజూరు. సైంటిఫిక్ అడ్వైజరీ బోర్డు సిఫార్సు చేయాలి, పాలకమండలి ఒప్పుకోవాలి. మళ్లీ ఏడాది మళ్లీ అదే తంతు. ఆఫీసరేమో ఇండియన్ మెడికల్ సర్వీసు మనిషి, అంటే అసలుకు మిలిటరీ డాక్టరు. యుద్ధమొస్తే సూక్ష్మదర్శిని మూసేసి రెజిమెంటుకు పోవాల్సిందే. 1914లో జరిగింది అదే.

1918లో నీలగిరుల్లోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో బెరిబెరి ఎంక్వయిరీ మొదలైంది. నడిపింది రాబర్ట్ మెక్‌కారిసన్ అనే ఇండియన్ మెడికల్ సర్వీసు డాక్టరు. ఆ ఇన్‌స్టిట్యూట్ కట్టడానికి కూడా హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనవంతుడు వైస్రాయ్ కర్జన్ చేతికిచ్చిన విరాళం తోడైంది.

అక్కడి ప్రయోగానికి పెద్ద సరంజామా ఏమీ లేదు: పావురాలు, పంజరాలు, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరి పాత్రలో) ఉడికించిన పాలిష్ బియ్యం, త్రాసు. ఆ బియ్యం తప్ప ఇంకేమీ పెట్టకపోతే కొద్ది వారాల్లో పావురానికి తిండి సయించదు, కాళ్లు పట్టు తప్పుతాయి, చివరికి మెడ విల్లులా వెనక్కి వంగిపోతుంది. ఆ దశలో తవుడు సారం పోస్తే కొన్ని గంటల్లోనే తల ఎత్తుతుంది. బి1 విటమిన్‌ను రసాయనంగా కొలిచే పద్ధతులు రాకముందు కొలమానం ఇదే. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. జబ్బుపడ్డ పావురం ఎలాగూ తినడం మానేస్తుంది. అది చిక్కిపోయింది ఆకలి వల్లనా, విటమిన్ లేకనా తేలాలంటే అంతే కొలతలో మంచి తిండి పెట్టిన ఇంకో గుంపు పక్కనే ఉండాలి. అంటే పక్షులు రెట్టింపు, మేత రెట్టింపు, బరువులు తూచే మనిషి రోజూ ఉండాలి. ఖర్చంతా అక్కడే.

సరిగ్గా ఆ ఖర్చే 1923లో కంట్లో పడింది. యుద్ధం తర్వాత ఖజానాకు లోటు. ఓడల కంపెనీల లార్డ్ ఇంచ్‌కేప్‌ను పెద్దగా పెట్టి పొదుపు కమిటీ వేశారు. కత్తెర కూనూరు దాకా వచ్చి ఎంక్వయిరీ మూతపడింది. మళ్లీ తెరిచింది 1925లో, డెఫిషియన్సీ డిసీజెస్ ఎంక్వయిరీ అనే పేరుతో. రెండేళ్లేగా అంటారేమో. ఆఫీసు ఫైలును రెండేళ్లు బీరువాలో పెట్టి తీయొచ్చు, ప్రయోగానికి పెంచిన జీవాల మందను అలా పెట్టలేం. ఒకే తిండితో, తెలిసిన వంశంతో తరాల తరబడి పెంచినవి పోతే మళ్లీ మొదటి నుంచే. పంజరాలు చూసే మనుషులు వేరే కొలువు చూసుకుంటారు. ఆఫీసరుకు వేరే పోస్టింగ్ పడుతుంది. గ్రాంటు మొత్తం మళ్లీ వచ్చినా, పోయిన పని తిరిగి రాదు. ఏడాది మంజూరు పద్ధతిలో ఉన్న జబ్బు ఇది. లెక్కలు చూసే పెద్దమనుషులకు మాత్రం ఇది పొదుపులా కనిపిస్తుంది. (ఇప్పటి ప్రాజెక్టు గ్రాంట్లు అంతకన్నా మెరుగని ఎవరైనా అంటే నేను నమ్మను.)

ఇంతకన్నా పెద్ద మెలిక ఇంకొకటుంది. 1919 సంస్కరణల్లో ప్రజారోగ్యాన్ని రాష్ట్రాలకు, అదీ ఎన్నికైన మంత్రుల చేతికి అప్పగించారు. కేంద్ర పరిశోధన సంస్థలు ఢిల్లీ సర్కారు చేతిలోనే ఉన్నాయి. భూమిశిస్తు, నీటిపారుదల, ఆర్థికం మాత్రం గవర్నరు కౌన్సిల్ చేతిలో. ఒక్కసారి కృష్ణా, గోదావరి డెల్టాను ఊహించుకోండి. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల కింద పండిన వరి మీద శిస్తు ఒక జేబులోకి, అదే వరిని మిల్లు పట్టి తిని కాళ్లు చచ్చుబడ్డవాడి వైద్యం ఇంకో జేబులోంచి, అది ఎందుకొచ్చిందో కనుక్కునే ఖర్చు మూడో జేబులోంచి. కూనూరులో తేలింది ఊళ్లో అమలు చేయమని అడిగే అధికారం, అందుకు డబ్బు ఒక్కరి దగ్గరా కలిసి లేవు.

పాలిష్ బియ్యం వల్లే బెరిబెరి అన్న సంగతి మరీ అంత క్లిష్టమైనదా అంటే, కాదు. జావాలో డచ్చి ప్రభుత్వం నౌకరీలో ఉన్న ఐక్‌మాన్ 1890లలోనే కోళ్ల మీద చూపించాడు. మలయాలో ఫ్రేజర్, స్టాంటన్ 1909 నాటికి పాలిష్ బియ్యం మీదికే వేలెత్తి చూపారు. 1910లో మనీలాలో జరిగిన వైద్యుల మహాసభ, ఎప్పుడూ పాలిష్ బియ్యమే తినడానికి, బెరిబెరికి సంబంధముందనడానికి చాలినంత ఆధారం ఉందని తీర్మానించి ప్రభుత్వాల దృష్టికి తెచ్చింది. దీనికి కావాల్సింది ఒక జీవో.

మరి మన దగ్గర ఉత్తర సర్కారు కోస్తాలోనే ఎందుకు? అంతకన్నా పేద తమిళ, మలయాళ కూలీలకు అంతగా రాలేదు. వాళ్లు తిన్నది ఉప్పుడు బియ్యం. మెట్ట సీమలో జొన్న, రాగి తిన్నవాళ్లకూ రాలేదు. డెల్టాలో రోకలి పోయి హల్లర్ (వడ్లు పట్టే మిల్లు యంత్రం) వచ్చింది, తిన్నది పచ్చిబియ్యం. వడ్లు నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు తవుడు పొరలో, మొలక దగ్గర ఉన్న బి1 గింజ లోపలికి దిగుతుంది, పిండి జిగురుకట్టి దాన్ని పట్టుకుంటుంది. తర్వాత మిల్లులో ఎంత పాలిష్ పట్టినా, ఇంట్లో ఎంత కడిగినా పోయేది తక్కువ. పచ్చిబియ్యంలో అది పైపొరలోనే ఉంటుంది కాబట్టి కొంత తవుడుతో, కొంత కడుగుతో, ఇంకొంత వార్చిన గంజితో పోతుంది.

అలాగని “ఉప్పుడు బియ్యం తినండి” అని చెప్పేస్తే అయిపోదు. చన్నీళ్లలో రెండు మూడు రోజులు నానితే వడ్లు పులిసి వాసనొస్తుంది. డెల్టావాళ్లు ముక్కు మూసుకున్నది అందుకే. సుమారు 65–70 డిగ్రీల వేడినీళ్లలో మూడు నాలుగు గంటలు నానబెడితే ఆ వాసన రాదు. ఆవిరి పట్టాక ఎండలో గబగబా ఆరిస్తే గింజ పగిలి నూకవుతుంది, సరిగ్గా ఆరకపోతే బూజు. మిల్లుకు కళ్లం, బాయిలరు, వంటచెరకు, కూలీలు కావాలి, వాన పడకూడదు. ఆ పెట్టుబడికి మిల్లర్లకు చేయూత ఇవ్వాల్సింది పరిశ్రమల శాఖ. అదేమో నాలుగో జేబు!

1935లో మెక్‌కారిసన్ రిటైరై ఆయన స్థానంలో ఐక్రాయిడ్ వచ్చాక ఈ వ్యవహారం నేలమీదికి దిగింది. 1940లో ఆయన బృందం బియ్యం సమస్య మీద మెమోయిర్ (పరిశోధన గ్రంథం) వేసింది. మరుసటి ఏడు మద్రాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల చావుల మీద కృష్ణన్‌తో కలిసి పేపరు రాశారు. తల్లికి బి1 లేకపోతే పాలలోనూ ఉండదు, బిడ్డ రెండు మూడు నెలలకే గుండె ఆగి పోతుంది. కూనూరులో గది తెరిచి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది.

డబ్బు ఇచ్చారా అంటే, ఇచ్చారు. జనం కోసమా అంటే, కాగితం దాకా జనం కోసమే. ఆ కూనూరు లేబొరేటరీయే 1958లో హైదరాబాద్‌కు వచ్చింది, తార్నాకలో ఇప్పుడున్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) అదే. వాళ్ల పాత పట్టికలు తీసి చూడండి: 100 గ్రాముల్లో బి1, దంపుడు పచ్చిబియ్యంలో 0.21 మిల్లీగ్రాములు, మిల్లు పట్టిన పచ్చిబియ్యంలో 0.06, మిల్లు పట్టినా ఉప్పుడు బియ్యంలో 0.21. వెయ్యి కేలరీలకు 0.5 మిల్లీగ్రాములు కావాలన్న లెక్కన, 400 గ్రాముల బియ్యానికి దాదాపు 0.7 ఉండాలి. ఉప్పుడు బియ్యంలో 0.84 వస్తుంది. మన తెల్లటి సోనా రకాల్లాంటి పచ్చిబియ్యంలో 0.24, అదీ కడగకముందు. పప్పు, పల్లీలు తోడు లేకపోతే మిగతాది ఎక్కడి నుంచీ రాదు. ఇక రేషన్ బియ్యంలో కలపడానికి తెచ్చిన ఫోర్టిఫైడ్ (పోషకాలు చేర్చిన) గింజల్లో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 తప్పనిసరి చేశారు. బి1ని మాత్రం కలిపితే కలపొచ్చు, లేకపోతే లేదు అనే జాబితాలో పెట్టారు.