బజారు మోతకి చెవిలో గుయ్యిమంటే, తెల్లారేసరికి తగ్గిపోతే పట్టించుకోవాలా?

పొద్దంతా బజారు గోలలో కొట్లో కూర్చుంటే రాత్రి చెవిలో గుయ్యిమంటుంది, తెల్లారేసరికి పోతుంది, ఫర్వాలేదా అని అడిగారు. వదిలెయ్యకండి. తగ్గిపోవడంలోనే ఉంది మోసం. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు రాత్రికి కొంత తేరుకుంటాయి గానీ, రోజూ అదే దెబ్బ తగిలితే చచ్చిపోతాయి. పోయినవి మళ్లీ పుట్టవు. ముందు పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే సన్నని కీచు శబ్దాల వినికిడి. అందుకే ఎదుటివాళ్ల గొంతు వినపడుతుంది, మాట తెలియదు; స, శ లాంటి అక్షరాలు జారిపోతాయి.

85 డెసిబెల్స్ (మోత ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) మోతలో రోజుకి 8 గంటలు, అదీ హద్దు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 91కి 2, 100కి 15 నిమిషాలే. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే 85 దాటినట్టే లెక్క.

ముందు మీ సొంత మైకు చూడండి. చాలాసార్లు దొంగ అదే. తలకి అర మీటరు దూరంలో ఉన్న స్పీకర్‌ని 2 మీటర్లకి జరిపితే ఆరుబయట దాదాపు 12 డెసిబెల్స్ తగ్గుతాయి. రేకుల కప్పు కింద అంత తగ్గవు. ధరలు బోర్డు మీద పెద్దగా రాసిపెడితే సగం అరుపులు తప్పుతాయి.

దూది పనిచెయ్యదు. చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్‌ని సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి 30 సెకన్లు వేలితో నొక్కి ఉంచాలి. బయట సగం కనిపిస్తోందంటే సరిగా దిగనట్టే. ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెబుతూ ప్యాకెట్ మీద ఉండే NRR అంకె నమ్మకండి: అందులోంచి 7 తీసేసి సగం చెయ్యండి, 29 అని ఉంటే దక్కేది 11. బేరం వినపడక మాటిమాటికీ తీసేస్తుంటే అదీ మిగలదు. సంగీతకారులు వాడే రకం నయం, మాట స్పష్టత పోదు.

అరిచి అరిచి వచ్చిన గొంతు బొంగురు మూడు వారాలు దాటినా, బీపీ పెరుగుతున్నా డాక్టర్‌కి చూపించండి. వినికిడి పరీక్షకి కనీసం 14 గంటలు మోతకి దూరంగా ఉండి వెళ్లాలి, లేదంటే మోత వల్ల తాత్కాలికంగా తగ్గిన వినికిడి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే మాత్రం ఈ 14 గంటలు చూడకండి, ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి పరిగెత్తండి.